చోటు చెప్పని ప్రార్థన

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. వేళకి తింటున్నావని, కళ్ళకి కాస్త విశ్రాంతి ఇస్తున్నావని అనుకుని మొదలుపెడుతున్నాను. అవునని నువ్వు రాసినా నమ్మననుకో.

ఫోన్ ఉండగా ఈ కాగితమేమిటని నవ్వకు. ఫోన్లో నువ్వు "ఊఁ" అంటావు, నేను "సరేనమ్మా" అంటాను, పెట్టేస్తాం. ఆవేళ కూడా అలాగే "సరేనమ్మా" అన్నాను. కానీ సరే కాదు. ఆ మాట నీతో గట్టిగా అనడం నాకు చేతకాదు. కాగితం మీద అయితే మధ్యలో ఎవరూ అడ్డు రారు.

తమ్ముడి సంగతి నువ్వు చెప్పినప్పుడు నేను కొట్లో కాజాలు కుడుతున్నాను. "అమ్మా, కూర్చునే ఉన్నావా? బుడ్డోడెక్కిన సైన్యం లారీ బోల్తా పడింది. ప్రాణానికేం భయం లేదు. ఎడమ పాదం తీసెయ్యాల్సి వచ్చింది" అన్నావు. ఎవరిదో చొక్కా ఒళ్ళో అలాగే ఉంది. సూది కాజాలో సగం దిగి ఉంది. ఎదురుగా టైలర్ మాస్టారు ఉన్నారని ఏడవలేదు. ఏం అడగాలో తోచక, "వాడి బూట్లు ఎవరి దగ్గరున్నాయి?" అని పిచ్చిమాట ఏదో అడిగాను. ఊపిరి కూడా తీసుకోకుండా, "ఇంకో మాటమ్మా. ఆ ప్రార్థన పేజీ ఇప్పుడే మూసెయ్. ఫోటోలన్నీ తీసెయ్. ఎందుకని అడక్కు" అన్నావు.

అడగలేదు. ఎక్కడ నొక్కాలో తెలియక మాస్టారి చేత మూయించాను. కానీ ఆ రోజు నుంచీ లోపల ఒక ముల్లు దిగి ఉంది. అది నీకు చూపించాలి.

ఆ పేజీ నీకు మా ఆడవాళ్ళ కాలక్షేపంలా కనబడి ఉంటుంది. మాకు అది ప్రార్థన గదే. కొట్టు మీది గదిలో, గుడ్డ తానుల మధ్య, పొద్దున్నే మేం కూర్చుంటాం కదా. బేకరీ వదిన, రిటైరైన టీచరమ్మ, నేను, సైన్యంలో బిడ్డలున్న ఇంకొందరం. ఎలా అడగాలో మాకు నేర్పింది మా పెద్దమ్మ. "ఊరికే 'కాపాడు తండ్రీ' అని గాల్లోకి అనకండే. పేరు చెప్పండి, ఉన్న చోటు చెప్పండి, ఏం కావాలో చెప్పండి. పక్కింటావిడని గుప్పెడు చక్కెర అడిగినట్టు అడగాలి" అనేది. పేరు, చోటు, కోరిక. ఆవిడ పోయాక కూడా మేం ఆ పద్ధతి తప్పలేదు. వేరే ఊళ్ళ తల్లులు కూడా కలుస్తామంటే బేకరీ వదిన ఫోన్లో పేజీ పెట్టించింది. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా రాయొచ్చు. "తాళం వేయిద్దామా?" అని వదిన అడిగితే, "దేవుడి గదికి తాళమెందుకు వదినా?" అన్నది నేనే.

బుడ్డోడు పంపిన ఫోటో కూడా అందుకే పెట్టాను. నీళ్ళ ట్యాంకు కింద నిలబడి చొక్కా పిండుకుంటూ, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఫోటో. ట్యాంకుకి పచ్చరంగు, ఒక పక్క పెచ్చులూడి ఉంది. వెనక స్కూలు వరండాలో వీళ్ళ పక్కబట్టలు వరసగా ఉన్నాయి. "మా అబ్బాయి ఈ స్కూల్లో పడుకుంటున్నాడు. దారంతా బురదై లారీలు కదలడం లేదట. వాన తగ్గేదాకా ఇక్కడేనట. వాన తగ్గాలని ప్రార్థించండి" అని రాశాను. ఎంతమంది తల్లులు దండాలు పెట్టారో! ముక్కూ మొహం తెలియని ఒకావిడ, "మీవాడి నవ్వు చూస్తే మావాడు గుర్తొచ్చాడమ్మా" అని రాసింది. ఆ మాట పట్టుకుని రెండు రోజులు బతికాను. వాన తగ్గి ఉంటుంది, బయల్దేరి ఉంటారు, దారిలో బోల్తా పడి ఉంటుంది. దేవుణ్ణి నేను తప్పుపట్టలేదు. వాన తగ్గమని అడిగాను గాని లారీ సంగతి అడగలేదు కదా.

నా బాధ వేరు. బిడ్డ ఆస్పత్రిలో నొప్పితో అల్లాడుతున్న రోజుల్లో, అంతమంది తల్లులు వాడి పేరు చెప్పుకునే చోటు లేకుండా చేశావు. బేకరీ వదిన ఊరుకుంటుందా? "మీ అమ్మాయిది పెద్ద ఉద్యోగమని విన్నాం గాని, దేవుడికి కూడా ఆర్డర్లు వేసేంత పెద్దదని తెలీదు వదినా" అంది. మీ నాన్న సంగతి సరేసరి. "మా అమ్మాయికి పేపర్లు చదివితే జీతమిస్తారు. నేను డ్రైవరుగా బస్టాండులో ఎన్నేళ్ళు చదివాను, ఒక్కడూ టీ కూడా ఇప్పించలేదు" అని బజారంతా చెప్పుకు తిరిగే మనిషి కదా. పేజీ మూయమన్నావని చెబితే, "అందరికీ కనబడేదాంట్లో రహస్యమేముందే? నా బస్సు వేళలు బోర్డు మీద రాసే ఉండేవి. ఒక్కడైనా వేళకి వచ్చాడా?" అన్నారు. నవ్వాను. లోపలికి వెళ్ళి ఏడ్చాను.

నువ్వు పెద్దదానివయ్యాక నాతో దేవుడి ముందు కూర్చోవడం మానేశావు. నేను ఎప్పుడూ రమ్మనలేదు. కానీ నా ప్రార్థనని చూసి నువ్వు లోపల్లోపల నవ్వుకుంటావేమోనని నాకు చాలా కాలంగా అనుమానం. ఈ పని చేసి ఆ అనుమానం నిజం చేశావా అని అడగాలనిపించింది. అడిగేశాను. కోపం రాకపోతే జవాబు రాయి. కోపం వస్తే నువ్వే రా, ఎదురుగా తిట్టు. అలాగైనా నిన్ను చూస్తాను.

కాజాల మధ్య నిన్నే తలుచుకునే
అమ్మ


అమ్మాయికి,

పోయిన ఉత్తరంలో నిన్ను ఎలా పిలిచానో గుర్తుంది. ఈసారి ఆ పిలుపు చేతిలోంచి రావడం లేదు.

నువ్వు వచ్చినప్పుడు నేను ఎంత సంతోషించానో నీకు తెలుసు. జవాబు రాయకుండా నువ్వే వచ్చేశావు. సంచీ గుమ్మంలోనే పడేసి, వంటింట్లో నేలమీద నా పక్కన కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీశావు. ఎప్పటిలాగే సగం దుంప చెక్కుతోనే పోగొట్టావు. నువ్వే మొదలుపెట్టావు. "అమ్మా, మీరు ఎలా ప్రార్థిస్తారో చెప్పవా? మొదటి నుంచీ చెప్పు."

అన్నీ చెప్పాను. పెద్దమ్మ నేర్పిన పద్ధతి చెప్పాను. కొత్తగా చేరిన తల్లి మొదట ఏం రాస్తుందో, భయం ఎక్కువైనప్పుడు ఏ మాటలు వాడుతుందో, బిడ్డ నుంచి కబురు వచ్చాక ఎలా రాస్తుందో, అన్నీ. నువ్వు దుంప పక్కన పెట్టి మరీ విన్నావు. నా కూతురు దేవుడి దగ్గరకి వస్తోంది, తమ్ముడికి తగిలిన దెబ్బ దీన్ని ఇటు తిప్పింది అనుకున్నాను. నీ తల మీద చెయ్యి వేయాలనిపించింది. చేతికి మట్టి ఉందని ఆగాను.

నీ పని గురించి కూడా ఆవేళే మొదటిసారి సరిగ్గా చెప్పావు. "మేం దొంగచాటుగా ఏం చూడమమ్మా. జనం తమంతట తాము బయట పెట్టిందే చూస్తాం. పేపర్లు, పెళ్ళి ఫోటోలు, రైళ్ళ వేళలు, మా రోడ్డు మీద సైన్యం లారీలు గుంతలు చేశాయని తిట్టుకునేవాళ్ళ మాటలు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏమీ ఉండదు. పక్కపక్కన పెడితే ఎవరు ఎక్కడున్నారో, ఎటు కదులుతున్నారో తెలిసిపోతుంది. దాన్నిబట్టి మావాళ్ళు ఏం చెయ్యాలో నిర్ణయించుకుంటారు."

"గుడ్డముక్కలు కలిపి చొక్కా కుట్టినట్టా?" అన్నాను.

"అంతే. చొక్కా ఎవరికి తొడుగుతారో మాత్రం మా చేతిలో ఉండదు" అన్నావు. అప్పుడు నీ గొంతు కాస్త మారింది. నాకు అర్థం కాలేదు.

తర్వాత నా ఫోన్ తీసుకుని ఒక పేజీ తెరిచావు. నీ ఫోన్ ఆఫీసులోనే పెట్టి రావాలట కదా. పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ పెట్టుకున్న ఒకావిడ రాసిన మాటలు, మన భాషలోకి మార్చి చూపించావు.

"ఎవరే ఈవిడ?"

"అవతలి పక్క తల్లి. వాళ్ళ పిల్లల కోసం ప్రార్థించుకునే పేజీ. ఇదీ అందరికీ కనబడేదే."

"మనలాగే!" అన్నాను. నిజంగా సంబరపడ్డాను.

ఆవిడ కొడుకు సైన్యంలో వంటవాడట. పాత పిండిమరలో పడుకుంటున్నారట. నేలంతా చెమ్మ, మేజోళ్ళు ఆరడం లేదు, పాదాలు ఒరుసుకుపోతున్నాయి, ఉన్ని మేజోళ్ళు అల్లి పార్సెల్ వేస్తున్నాను, అవి చేరేలా ప్రార్థించండి అని రాసింది. కింద ఫోటో. పిండిమర ముందు గిన్నె తోముతున్న కుర్రాడు. వెనక పొగగొట్టం, పైన ఒక పక్క విరిగి ఉంది.

"అమ్మా, నీకేమనిపిస్తోంది? ఈ అబ్బాయి అక్కడే ఉంటాడంటావా, తొందర్లో వెళ్ళిపోతాడంటావా?"

"ఉంటాడే. కదిలిపోయే బిడ్డకి ఏ తల్లైనా పార్సెల్ వేస్తుందా? పార్సెల్ చేరేదాకా ఇక్కడే ఉంటానని వాడే చెప్పుంటాడు. పైగా ఇప్పుడే అల్లడం మొదలుపెట్టింది చూడు."

నా చేతిలోంచి కత్తి తీసుకుని ఇంకో దుంప చెక్కడం మొదలుపెట్టావు. "పాపం, వాడికి పాదాలు బాధట. మనవాడికి అసలు పాదమే లేదు. ఆవిడ బిడ్డ కోసం కూడా ఒక మాట చెప్పుకుంటాను" అన్నాను. "చెప్పుకో అమ్మా" అన్నావు.

చెప్పుకున్నాను. నువ్వు వెళ్ళాక కూడా రోజూ చెప్పుకున్నాను. పిండిమరలో ఉన్న వంటవాడి పాదాలు మానాలి తండ్రీ అని, చోటు చెప్పి మరీ.

ఆ తర్వాత బేకరీలో టీవీ చూస్తున్నాం. శత్రువుల స్థావరం ఒకటి మనవాళ్ళు పడగొట్టారని చూపించారు. అక్కడున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వదిన అందరికీ బన్నులు పంచింది. నేను టీవీ వంకే చూస్తున్నాను. ఇటుకల కుప్ప మధ్య ఒక్క పొగగొట్టం మిగిలి ఉంది. పైన ఒక పక్క విరిగి ఉంది. కుట్టుమిషన్ ముందు కూర్చుని బతుకుతున్నదాన్ని, ఒకసారి చూసిన చిరుగు మళ్ళీ చూస్తే గుర్తుపట్టనా?

చేతిలో బన్ను ఉంది. తినలేదు, పారెయ్యలేదు. ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు.

నా ఫోన్లో ఆ పేజీ నువ్వు తుడిచెయ్యడం మరిచిపోయావు. రోజూ తెరిచి చూశాను. చాలా రోజులు ఆవిడ ఏమీ రాయలేదు. నిన్న ఒక ఫోటో పెట్టింది. కాగితం చుట్టి దారం కట్టిన పొట్లం. విప్పలేదు. "మేజోళ్ళు తిరిగొచ్చాయి" అని రాసింది. ఇంకేమీ లేదు. ఏం ప్రార్థించమనీ అడగలేదు.

మీ నాన్నకి చెప్పాను. ఎప్పుడూ ఏదో ఒక జోకు ఉండే మనిషి, "యుద్ధమంటే అంతేనే. వాళ్ళు మనవాళ్ళని చంపరా?" అని లేచి బయటికి వెళ్ళిపోయారు.

వాళ్ళు చంపుతారు, నిజమే. నీ పని నువ్వు చేశావు, అదీ నిజమే. కానీ నా నోటితో ఎందుకు చెప్పించావు? నీ దగ్గర అంతమంది చదువుకున్నవాళ్ళు ఉన్నారు, పెద్ద పెద్ద యంత్రాలు ఉంటాయట. వాళ్ళెవరూ చెప్పలేకపోయారా, మేజోళ్ళు అల్లే తల్లి మనసులో ఏముందో? ఒక తల్లి గుట్టు ఇంకో తల్లి నోట్లోంచి లాగావు. నువ్వు దేవుడి మాట వినడానికి నా పక్కన కూర్చున్నావనుకున్నాను. ఆ పువ్వు బొమ్మ ఆవిడ ఇంట్లోకి తొంగిచూడటానికి నన్ను కిటికీలా వాడుకున్నావు.

నేను ఎవర్నీ గట్టిగా ఒక మాట అనలేదు ఎప్పుడూ. ఇప్పుడు అంటున్నాను. ఆ పని మానేదాకా ఈ గడప తొక్కకు. తమ్ముణ్ణి ఇంటికి తీసుకొచ్చే రోజున కూడా రావద్దు. వాణ్ణి మేం చూసుకుంటాం. ఆవిడకి నేనే రాసుకుంటాను, ఆ మాట చెప్పింది నేనేనని. ఎలా రాయాలో ఇంకా తెలియడం లేదు. మీ ఆఫీసులో ఎవరైనా ఈ ఉత్తరం విప్పి చదివితే చదవనీ. ఇందులో దాచడానికేం లేదు.

నీ తల్లి


నా చిట్టితల్లికి, నా బంగారానికి,

ఈ ఉత్తరం చివరిదాకా చదువు. మొదటి రెండు ముక్కలు చదివి మడిచెయ్యకు. పోయినసారి రాసిన ఉత్తరం చించి పారేసి ఉంటే మంచిది. పారెయ్యకపోతే ఇప్పుడు పారెయ్.

బుడ్డోడు వచ్చాడు. ఆస్పత్రి బండి వీధి మొదట్లోనే ఆగింది. చంకల కింద కర్రలు పెట్టుకుని వాడే నడిచి వచ్చాడు, ఎవర్నీ పట్టుకోనివ్వలేదు. మీ నాన్న ముందు నడుస్తూ, దారిలో ఉన్నవాళ్ళందర్నీ "జరగండి జరగండి, బండి వస్తోంది" అని అదిలిస్తున్నారు. గుమ్మం దగ్గర నేను వాడి మొహం చూడాలా, కాలు చూడాలా అని తడబడుతుంటే వాడే, "అమ్మా, ఇక నాకు మేజోడు ఒక్కటి అల్లితే చాలు. నీకు సగం పని తప్పింది" అని నవ్వాడు. వాడికేం తెలుసు, ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో.

భోజనం చేస్తూ అటూ ఇటూ చూశాడు. "అక్క రాలేదేం?"

"రావద్దన్నాను" అన్నాను.

వాడు నవ్వడం మానేశాడు. మర్నాడు పొద్దున్న వెనక మెట్టు మీద ఎండలో కూర్చుని కాలి కట్టు విప్పుకుంటున్నాడు. నేను వేణ్ణీళ్ళు తెచ్చాను. "కూర్చోమ్మా. ఒక మాట చెప్పాలి. చెప్పనని అక్కకి మాటిచ్చాను. కానీ నువ్వు దాన్ని రావద్దన్నాక నేను నోరు మూసుకుని నీ చేత్తో అన్నం తినలేను" అన్నాడు.

"చెప్పరా."

"లారీ బోల్తా పడలేదమ్మా. అసలు మేం లారీ ఎక్కనే లేదు. వాన తగ్గలేదు."

నీళ్ళ గిన్నె కింద పెట్టాను.

"స్కూలు వరండాలోనే ఉన్నాం. తెల్లారి పళ్ళు తోముకుంటుంటే షెల్లులు పడ్డాయి. అటూ ఇటూ కాదు, సరిగ్గా ట్యాంకు మీద ఒకటి, వరండా మీద ఒకటి. నేను ఈ చివర ఉన్నాను కాబట్టి పాదంతో పోయింది. ఆ చివర పడుకున్నవాళ్ళు లేవలేదు."

"వాళ్ళకెలా తెలుసురా మీరు అక్కడున్నారని?"

వాడు విప్పిన కట్టుగుడ్డ మడత పెట్టాడు. "తర్వాత వాళ్ళ పేపర్లో గొప్పగా వేసుకున్నారమ్మా, ఎలా కనిపెట్టామో అని. ఫోటో కూడా వేశారు. నేను చొక్కా పిండుకుంటున్నది."

చిట్టితల్లీ, ఆ మాట విన్నాక నాకు ఏడుపు రాలేదు. మొదట నాకు గుర్తొచ్చింది నేను రాసిన వాక్యం. "వాన తగ్గేదాకా ఇక్కడేనట." ట్యాంకు రంగు వాళ్ళు ఫోటోలో చూసుకున్నారు. ఎన్నాళ్ళు ఉంటారో మాత్రం ఏ ఫోటోలోనూ ఉండదు. అది నేనే చెప్పాను. పెద్దమ్మ నేర్పినట్టు పేరు చెప్పాను, చోటు చెప్పాను, కోరిక చెప్పాను. చోటు చెప్పి అడగమని పెద్దమ్మ అన్నది, వినేవాడు దేవుడొక్కడే అయిన గదిలో.

"ఆ పిల్లల అమ్మలకి ఏం చెప్పార్రా? వాళ్ళకీ లారీ బోల్తా అనేనా?"

"లేదమ్మా. షెల్లు పడిందనే చెప్పారు. ఎలా తెలిసి వేశారో మాత్రం చెప్పలేదు."

"నువ్వు నాకెందుకు చెప్పలేదు?"

"అక్క చెప్పొద్దంది. నన్ను ఆస్పత్రిలో చేర్చిన మర్నాడే వచ్చింది. పేపర్లో ఆ ఫోటో చూసింది అదే కదా, ఆ పేపర్లు చదివేది వాళ్ళ ఆఫీసు గదే కదా. నా మంచం పక్కన కూర్చుని, 'అమ్మకి తెలిస్తే ప్రార్థన మానేస్తుందిరా. అది మానేస్తే అమ్మకి ఏం మిగులుతుంది? లారీ అని చెబుదాం' అంది. 'అమ్మ మీద కోపం లేదా అక్కా' అని అడిగాను. 'ఫోటో పంపిన వెధవ్వి నువ్వు, పెట్టింది అమ్మ, ముందే హెచ్చరించాల్సింది నేను. ఎవర్ని కొడదాం?' అంది."

నీ గొంతు అలాగే పలికాడు. అప్పుడు ఏడ్చాను. వాడు ఒంటికాలి మీద లేచి నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. వేణ్ణీళ్ళు చల్లారిపోయాయి.

నువ్వు ఇదంతా తెలిసే నా మొదటి ఉత్తరం చదివావు. దేవుణ్ణి నాకు దూరం చేశావని నేను రాస్తే, జవాబు రాయలేక నువ్వే వచ్చావు. సగం సగం దుంపలు చెక్కావు. నా రెండో ఉత్తరం కూడా చదివి ఊరుకున్నావు. ఒక్క మాట రాస్తే నా నోరు మూతపడేది. రాయలేదు. నా ప్రార్థన చూసి నవ్వుకుంటావని అనుకున్న నా కూతురు, దాన్ని కాపాడటానికి అంత మోసింది.

పొద్దుతిరుగుడు పువ్వు ఆవిడ సంగతి కూడా మళ్ళీ ఆలోచించాను. అక్కడ కూడా ఎవరో ఒకమ్మాయి తన తల్లి పక్కన కూర్చుని, నేను పెట్టిన ఫోటో చూపించి, "అమ్మా, ఈవిడ కొడుకు ఇంకా అక్కడే ఉంటాడంటావా?" అని అడిగే ఉంటుంది. ఆ తల్లి కూడా "వాన తగ్గేదాకా ఉంటాడే, పాపం" అని ఉంటుంది. మన బుడ్డోడి కోసం ఒక మాట చెప్పుకునే ఉంటుంది. ఆవిణ్ణి నేను తిట్టుకోలేకపోతున్నాను. అందుకే నిన్ను తిట్టిన మాటలు కూడా వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు చేసింది మంచిదని మాత్రం నా చేత అనిపించకు. అది నాకు తెలియదు. నేను ఆవేళ "వెళ్ళిపోతాడు" అని ఉంటే నువ్వు మీ ఆఫీసులో ఏం చెప్పేదానివి? ఎప్పుడైనా నీకు చెప్పాలనిపిస్తే చెప్పు. అడిగి వేధించను.

మీ నాన్నకి నేనే చెప్పాను. చెప్పులు వేసుకుంటున్నవారు ఒక చెప్పుతో అలాగే నిలబడిపోయారు. "బోర్డు మీద వేళలు రాసి ఉంటే ఎవడు చూస్తాడని నవ్వాను. చూసేవాడు చూస్తాడే" అన్నారు. తర్వాత నన్ను కొట్టు దాకా దిగబెట్టారు. దారిలో ఒక్క జోకు కూడా వెయ్యలేదు. మనిషి జబ్బు పడ్డాడేమోనని భయమేసింది.

ప్రార్థన గదికి కొన్నాళ్ళు వెళ్ళలేకపోయాను. నువ్వు భయపడినట్టే అయింది. కళ్ళు మూసుకుంటే ట్యాంకు పెచ్చులు కనబడేవి. తర్వాత ఒక పొద్దున్న మెట్లెక్కి అందరి ముందూ చెప్పేశాను. టీచరమ్మ లేచి నా చెయ్యి పట్టుకుంది. బేకరీ వదిన మాత్రం, "అయితే ఎలా వదినా? మావాడు ఎక్కడున్నాడో చెప్పకపోతే దేవుడు వాణ్ణి ఎలా వెతుక్కుంటాడు?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. "వాడు నీ ఒళ్ళో పడుకున్నట్టు తలుచుకో. ఆ చోటు ఎవరికీ దొరకదు" అన్నాను. వదిన పైట మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. పేజీ మళ్ళీ తెరిపించాను. నీకు ముందు చెప్పలేదు. చెబితే నువ్వు ఆపాల్సి వచ్చేది, ఆపకపోతే నీ ఉద్యోగానికి మాట వచ్చేది. మాస్టారు చూపిస్తుంటే నేనే ఒక్కో అక్షరం నొక్కి ఇలా రాశాను:

"మీ పిల్లలు ఎక్కడున్నారో ఇక్కడ రాయకండి. ఫోటోలు పెట్టకండి. ఎప్పుడు కదులుతారో, ఏ దారిన పోతారో, వాళ్ళకి ఏం పంపుతున్నారో రాయకండి. నేను రాశాను. మా అబ్బాయి పాదం పోయింది. వాడి పక్కన పడుకున్న పిల్లలు పోయారు. నేను పెట్టిన ఫోటో చూసే గురిపెట్టారు. ఈ మాట ఏ పక్క తల్లి చదివినా ఆమె కోసం కూడా రాశాను. 'నా బిడ్డ' అని రాయండి, చాలు."

తాళం వెయ్యలేదు. కావాలనే వెయ్యలేదు. ఎవరైనా చదవొచ్చు.

దీని వల్ల నీ పని పాడవుతుందని నాకు తెలుసు. అవతలి తల్లులు కూడా చోటు రాయడం మానేస్తే మీ గదిలో ఒక కిటికీ మూతపడుతుంది. రేపు బేకరీ వదిన కొడుకు లారీకి ఏ దారి మంచిదో మీరు చెప్పలేకపోవచ్చు. ఈ ఆలోచన నన్ను నిద్రపోనివ్వడం లేదు. పెట్టాక కూడా రెండుసార్లు తీసేద్దామనుకున్నాను. ఎటు చూసినా ఎవరో ఒక తల్లి నా వంక చూస్తోంది. తీసెయ్యలేదు. నేను చేసింది తప్పయితే ఆ తప్పు నాదే, నీది కాదని మీ పైవాళ్ళకి ఈ ఉత్తరం చూపించు.

కింద చాలామంది "నా బిడ్డ, నా బిడ్డ" అని రాస్తున్నారు. ఫోన్ అన్నీ మన భాషలోకే మార్చి చూపిస్తుంటే మనవాళ్ళెవరో, అవతలివాళ్ళెవరో తెలియడం లేదు. రోజూ పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ కోసం వెతుకుతున్నాను. ఇంతవరకూ కనబడలేదు. ఆవిడకి విడిగా ఏం రాయాలో ఇంకా తెలియలేదు. ఉన్ని తెచ్చాను. మనవాడికి ఒక్క మేజోడే చాలంటున్నాడు గాని, నా చెయ్యి రెండో దాన్ని కూడా అల్లేస్తోంది.

ప్రార్థన మానలేదమ్మా. చోటు చెప్పడం మానేశాను, అంతే.

ఇంటికి రా. ఎప్పుడు వస్తావో, ఏ బండికి వస్తావో, ఏ దారిన వస్తావో రాయకు. తలుపు గడియ వెయ్యను.

నిన్ను కన్న
అమ్మ